తిర్గా చంపని శత్రువు

తిర్గాకి ముప్ఫై ఒకటో ఏడు వచ్చినా ఇంకా పెళ్ళి కాలేదు. అందానికేం తక్కువ లేదు. గుణానికీ తక్కువ లేదు. నిజానికి అది మరీ ఎక్కువైపోయింది, చిక్కంతా అక్కడే వచ్చింది. పెళ్ళికొడుకు దొరకలేదా అంటే, అతను పన్నెండేళ్ళుగా నాలుగు బండ్ల అవతల కూర్చుని చక్రాలు చెక్కుతూనే ఉన్నాడు. ఆమెకి దొరకనిదల్లా ఒక శత్రువు.

గడ్డినేలల్లో బండ్ల మీద తిరిగే మా సౌరోమాతుల ఆచారం అలాంటిది. ఆడపిల్ల పోరులో ఒక్క శత్రువునైనా పడగొట్టాలి. వాడి నడికట్టు తెచ్చి కత్తి దేవర ముందు పెట్టి, వాడేమయ్యాడో ప్రమాణం చేసి చెప్పాలి. అప్పుడుగానీ ఆమె బండిని మగవాడి బండితో కలపరు. బండ్లు కలపకపోతే పెళ్ళి లేదు. మగపిల్లలకి ఈ బాధ లేదు. వాళ్ళు ఈగని కూడా చంపకపోయినా పెళ్ళికి పనికొస్తారు. ఎందుకయ్యా అంటే, మగవాళ్ళ మీద మొదటినుంచీ ఎవరికీ పెద్ద ఆశల్లేవని మా ముసలమ్మలు చెబుతారు.

పోనీ తిర్గాకి విల్లు పట్టడం రాదా అంటే, గుంపు మొత్తంలో ఆమెని మించినవాళ్ళు లేరు. పరిగెత్తే గుర్రం మీద వెనక్కి తిరిగి కూర్చుని, బొరియలోంచి తల బయటపెట్టిన నేల ఉడతని కొట్టగలదు. ఎనిమిదో ఏటికే మూడు గుర్రాలని మచ్చిక చేసింది. చెయ్యి అంత మంచిది. అదృష్టం మాత్రం అంత కుంటిది.

పదహారో ఏట మొదటిసారి దాడికి వెళ్ళింది. దాను నదికి అవతల శకుల మకాం. మనవాళ్ళ దుమ్ము చూడగానే శకులు పొయ్యి మీద కుండని పొయ్యి మీదే వదిలేసి పారిపోయారు. తిర్గా చేతికి చిక్కింది ఆ కుండ ఒక్కటే. పులుసు మాత్రం బాగుందట.

ఇరవయ్యో ఏట నిజంగానే ఒకణ్ణి గురిచూసి కొట్టింది. బాణం వదిలిన క్షణానే వాడి కొరడా జారిపడింది, వాడు దాన్ని అందుకుందామని వంగాడు. బాణం వెళ్ళి వాడి పొడుగు టోపీలో దిగింది. టోపీతో సహా వాడు పారిపోవాల్సింది, పాపం టోపీ ఊడిపోయింది. తిర్గా దాన్ని పట్టుకొచ్చి పెద్దల ముందు పెట్టింది. వాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి, లోపల చెయ్యి పెట్టి చూసి, "అంతా బాగానే ఉందిగానీ, దీన్లో తల లేదు కదమ్మా" అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళు పిల్లలంతా ఆమెని టోపీ తిర్గా అని పిలిచారు.

పాతికో ఏట జరిగింది మరీ అన్యాయం. పెద్ద దాడి, అందరూ వెళ్ళారు. తిర్గా తనకి బాగా అలవాటైన ఆడగుర్రాన్నే ఎక్కింది, దానికి ఇంకా నెల గడువుందనే లెక్కతో. లెక్క తప్పింది. సరిగ్గా బాణాలు కలిసేవేళకి గుర్రం నేల మీద పడుకుని ఈనడం మొదలుపెట్టింది. చుట్టూ పోరు జరుగుతుంటే తిర్గా చేతులు మోచేతుల దాకా కడుక్కుని పిల్లని బయటికి లాగింది. ఆ రోజు మన గుంపులో ఒక ప్రాణి పెరిగిందేగానీ శత్రువుల్లో ఒక్కడూ తగ్గలేదు.

ఆ మీదట ఆరేళ్ళు శకులతో శాంతి. శాంతి అందరికీ మంచిదే, పెళ్ళికాని సౌరోమాత పిల్లకి తప్ప.

ఇక ఆ చక్రాలు చెక్కేవాడి సంగతి. అతని పేరు బొరాస్పు. నోట్లో నాలుక లేని మనిషి, కానీ చేతిలో ఉలి ఉంటే మాత్రం చెట్టుతో కూడా మాట్లాడగలడు. మా గడ్డినేలలో చెట్టంటే అపురూపం. నది ఒడ్డున ఎక్కడైనా ఎండిన మాను కనిపిస్తే తిర్గా దాన్ని గుర్రానికి కట్టి ఈడ్చుకొచ్చి అతని బండి ముందు పడేసేది. మాటా మంచీ అన్నీ ఆ మాను మీద కూర్చునే జరిగేవి.

"ఈ మాను ఇరుసుకి పనికొస్తుందా?" అనేది ఆమె.

"చూడాలి" అనేవాడు అతను.

"ఎన్నాళ్ళు చూస్తావు?"

"నువ్వు ఇంకో మాను తెచ్చేదాకా."

అంతకన్నా సరసం అతనికి రాదు. ఆమెకి అదే చాలు. పన్నెండేళ్ళలో గుంపుకి కావలసిన దానికన్నా నాలుగింతల కలప పోగైంది.

వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డ మనిషి బొరాస్పు తల్లి వర్జానా. కత్తి దేవరకి కాపలా ఆమే. ఎండుపుల్లల దిబ్బ మీద నిలబెట్టిన ఆ పాత ఇనప కత్తి పక్కన నలభై ఐదేళ్ళుగా కూర్చుని, నడికట్లు తెచ్చిన ప్రతి పిల్ల చేతా ప్రమాణం చేయించింది. ముందు పళ్ళు రెండు ఊడినా నోటి పదును తగ్గలేదు. ఆ పదును రోజుకొకసారైనా తిర్గా మీద పరీక్షించకపోతే ఆమెకి తిన్నది అరగదు.

"ఏమే తిర్గా, ఇవాళైనా ఎవరైనా చచ్చారా?" అని పొద్దున్నే పలకరించేది.

"లేదు పెద్దమ్మా."

"నన్ను చంపి పెళ్ళి చేసుకుందామని మాత్రం చూడకు. నేను శత్రువు లెక్కలోకి రాను."

"చూస్తే అలా అనిపించదు పెద్దమ్మా" అనేది తిర్గా. వర్జానా పళ్ళులేని నోటితో నవ్వేది. అంత మాత్రాన ఆచారాన్ని జానెడు సడలించే రకం కాదు.

ఆ వసంతంలో మందలు గడ్డిమీదికి కదిలే రోజున ఆమె అందరి ముందూ ఒక మాట చెప్పేసింది. "నాకు వయసైపోయింది. నా పొయ్యిలో నిప్పు అందుకునే కోడలు కావాలి. రెల్లు పూసే కాలానికి మనం శీతాకాలపు మకాంకి కదిలేలోగా తిర్గా నడికట్టు తెచ్చిందా సరే. తేలేదా, ఎగువ గుంపులో ఒక వితంతువు ఉంది. నడికట్లు రెండు తెచ్చింది. దాని బండితో నా కొడుకు బండి కలుపుతాను."

తిర్గా ఆ సాయంత్రమే బొరాస్పు దగ్గరికి వెళ్ళింది. "నువ్వేమంటావు?" అని అడిగింది.

అతను ఉలితో చెక్కు తీస్తూనే చెప్పాడు. "అమ్మకి నేనొక్కణ్ణే. ఆమె పోయేలోగా పొయ్యి చేతులు మారకపోతే మా ఇంటి నిప్పు ఆరిపోయినట్టే. ఏం చెయ్యను, తిర్గా?"

"రెండు నడికట్ల పిల్ల. బాగానే ఉంటుందిలే" అంది తిర్గా.

"నాకు మానులు తెచ్చే పిల్ల కావాలి" అన్నాడు బొరాస్పు. పన్నెండేళ్ళలో అతను అన్న పెద్ద మాట అదే. ఆమె చటుక్కున లేచింది. తన బండిలోకి పోయి, కంబళి కప్పుకుని, ఉన్న బాణాలన్నిటికీ మళ్ళీ పదును పెట్టింది.

కలిసొచ్చే కాలం వస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. తిర్గాకి శత్రువు గుర్రమెక్కి వచ్చాడు. ఎండాకాలం చివర్లో ఒక పొద్దున రేవు దగ్గర ఆడగుర్రాల మందని ఒక్కతే కాస్తోంది. మాచిపత్రి పొదల వెనకనుంచి ముగ్గురు శకులు జొరబడి పది గుర్రాలని విడదీసుకుని పోబోయారు. శాంతి కాలంలో గుర్రాలు కాజెయ్యడం తప్పే. కానీ ఆ తప్పుకి తిర్గా లోలోపల ఎంత మురిసిపోయిందో చెప్పలేం. ఒక్క కేక పెట్టి వాళ్ళ వెంటపడింది. ఇద్దరు గుర్రాలని వదిలేసి నదిలో దూకి తప్పించుకున్నారు. మూడోవాడు కాస్త బరువైన మనిషి, వెనకబడ్డాడు. ఆమె బాణం వాడి గుర్రం మెడలో దిగింది. గుర్రం కూలింది, వాడు ఎగిరి రాళ్ళ మీద పడ్డాడు, కాలు మోకాలి కింద పుల్ల విరిగినట్టు విరిగింది.

తిర్గా పొట్టి కత్తి దూసి దిగింది. గుండె పెళ్ళి డప్పులా కొట్టుకుంటోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నలభై దాటిన మనిషి, గుండ్రటి మొహం, గడ్డంలో అక్కడక్కడా నెరుపు. పరిగెత్తలేడు, చేతిలో ఆయుధం లేదు. ఆమెని చూసి ఎండిన పెదాలు తడుపుకుని, "అమ్మా, దాహం" అన్నాడు.

మా ఇళ్ళల్లో ఆడపిల్లకి మాటలు వచ్చే ముందే వచ్చే పాఠం ఒకటుంది. దాహమన్నవాడికి లేదనకూడదు. ఎవడు, ఎందుకు అని కూడా అడక్కూడదు. ఆ పాఠం బుర్రలో ఉండదు, చేతిలో ఉంటుంది. తిర్గా బుర్ర కత్తి గురించి ఆలోచిస్తూనే ఉంది, ఎడమ చెయ్యి మాత్రం దాని మానాన అది జీనుకి వేలాడుతున్న తిత్తి విప్పి, పులిసిన గుర్రప్పాలు వాడి చేతికిచ్చేసింది. వాడు గటగటా సగం తిత్తి ఖాళీ చేశాడు.

అప్పుడుగానీ ఆమెకి తెలివి రాలేదు. మన చేతి పాలు తాగినవాడు మన పొయ్యికి చుట్టం. వాడి ఒంటి మీద గీత పడితే పొయ్యి తల్లి తబితి ఆ ఇంట నిప్పు నిలవనివ్వదు. శకులకైనా మనకైనా ఆ మాట ఒకటే.

"ఏయ్! తాగేశావా?" అని అరిచింది.

"నువ్వే ఇచ్చావుగా, తల్లీ."

"ఉమ్మెయ్!"

"మింగేశానమ్మా."

"ఇస్తే మాత్రం తాగేయడమేనా? కాస్త ఆలోచించక్కర్లేదా?"

"నువ్వు ఇచ్చేటప్పుడు ఆలోచించలేదు, నేను తాగేటప్పుడు ఆలోచించాలా?" అన్నాడు వాడు మూతి తుడుచుకుంటూ. "పాలు మాత్రం బాగున్నాయి. పోతే, ఇంకొంచెం పుల్లబడి ఉంటే బాగుండేది."

తిర్గా అక్కడే కూలబడి ఏడ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషి, చేతిలో కత్తితో, చిన్నపిల్లలా ఏడ్చింది. వాడు కాలి నొప్పి కూడా మరిచిపోయి, "ఏమైందమ్మా? ఎవరైనా పోయారా?" అని ఓదార్చబోయాడు.

"ఎవరూ పోలేదు! అదే నా ఏడుపు" అంది ఆమె.

ఆ శకుడి పేరు గొందాక్. ఆమె వాడి కాలికి రెల్లు కట్టలు కట్టి, గుర్రం మీద అడ్డంగా వేసుకుని మకాంకి తెచ్చేసరికి, దూరంనించి చూసిన ఆడవాళ్ళంతా తిర్గాకి శవం దొరికిందనుకుని కేరింతలు కొట్టారు. దగ్గరికి రాగానే శవం తలెత్తి, "అమ్మా, మెల్లగా, కాలు" అంది. గుంపంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వర్జానా ముందుకొచ్చి వాడి గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది.

"పెళ్ళికి శత్రువుని తెమ్మంటే చుట్టాన్ని తెచ్చావేమే?"

"దాహమన్నాడు పెద్దమ్మా."

వర్జానా వాడి గడ్డం వదిలేసింది. తర్వాత తన బండికి పోయింది. ఆ రోజంతా బయటికి రాలేదు. కోపమొచ్చిందనుకున్నారు అందరూ.

ఆ మీదట రెండు నెలలూ తిర్గా బండికి చుట్టం మేపుడే పని. చుట్టానికి గొర్రె కొవ్వు తోక పెట్టాలి, మంచి ముక్క పెట్టాలి, మొదటి గిన్నె పెట్టాలి. గొందాక్ తిండికి మొహమాటపడే మనిషి కాడు. జున్నులో ఉప్పెక్కువైందనేవాడు, మాంసం ఇంకాస్త ఉడకాలనేవాడు. "తిర్గా శత్రువు లావెక్కుతున్నాడు" అని ఆడవాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు. "చంపడానికి ముందు మేపుతోంది" అని ఇంకొకరు అందుకునేవాళ్ళు. బొరాస్పు మాత్రం నోరెత్తకుండా వచ్చి, వాడికి ఒక చేతికర్ర చెక్కి ఇచ్చి పోయాడు.

కర్ర ఇచ్చిన మనిషి ఎవరని ఆరా తీస్తే కథంతా గొందాక్‌కి తెలిసింది. అంతటి తిండిపోతూ ఆ పూట గిన్నె ముట్టలేదు.

"నావల్ల నీ పెళ్ళి చెడిందన్నమాట" అన్నాడు.

"నీవల్ల కాదు, నా చేతివల్ల."

"చూడమ్మా, నాకో ఉపాయం తోస్తోంది. కాలు బాగయ్యాక నన్ను రేవు దాటించు. అవతల ఒడ్డు చేరాక నేను నీకు చుట్టాన్ని కాను. నా నడికట్టు ఇస్తాను. అవతల కలబడ్డాం, చంపేశానని చెప్పు. తబితికీ కోపం రాదు, నీ అత్తకీ కోపం రాదు. ఎవరొచ్చి అడుగుతారు? మావాళ్ళు ఎగువకి కదిలిపోతున్నారు, నేను మళ్ళీ ఈ మొహం ఇటు చూపించను."

తిర్గా కాదనలేదు, ఔననలేదు. వెళ్ళి బొరాస్పుకి చెప్పింది. మొదటిసారి అతను ఉలి కింద పెట్టాడు.

"చెప్పెయ్యి, తిర్గా. ఒక్క మాటే కదా."

"కత్తి ముందు చెప్పాలి."

"కత్తి ఇనుము. నేను మనిషిని. ఇంకో పది రోజుల్లో ఆ ఎగువ గుంపు బండి వచ్చేస్తుంది." ఆమె అతని చేతి మీద చెయ్యి వేసి, అలాగే చెప్తానంది. మనస్ఫూర్తిగానే అంది. ఆమెకి ఆ పెళ్ళి కావాలి. ప్రాణమంతా పెట్టి కావాలి.

మకాం ఎత్తడానికి మూడు రోజులుందనగా గొందాక్‌ని రేవు దాటించింది. తన గుర్రాల్లో ఒకటి వాడికిచ్చింది. వాడు అవతల ఒడ్డున దిగి, కంచు కట్టున్న నడికట్టు విప్పి ఆమె చేతిలో పెట్టి, జారిపోతున్న లాగుని ఒక చేత్తో పట్టుకుని ఇంటి దారి పట్టాడు. కనుచూపు మేర దాటేదాకా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. చంపిన శత్రువు అన్నిసార్లు చెయ్యి ఊపడం ఎవరూ చూసి ఉండరు.

ఆమె నడికట్టుతో తిరిగొచ్చేసరికి గుంపులో ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. అందరికీ సంగతి తెలుసు, ఎవరికీ తెలియనట్టే ఉన్నారు. మంచి పనికి అబద్ధం చెప్పేటప్పుడు మా గుంపంత కలిసికట్టుగా ఎవరూ ఉండరు. పిల్లలు బొరాస్పు బండి కాడికి ఎర్ర ఉన్ని తాళ్ళు చుట్టేశారు. గొర్రెలు కోశారు. ఎండు పేడ పొయ్యిల మీద పెద్ద కుండలెక్కాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరూ కత్తి దేవర దిబ్బ చుట్టూ చేరారు. వర్జానా కత్తి పక్కన నిలబడింది. తిర్గా నడికట్టు తెచ్చి పుల్లల మీద పెట్టింది.

"ఎవరిదిది?" అడిగింది వర్జానా.

"గొందాక్ అనే శకుడిది."

"వాడేమయ్యాడు?"

ఒక్క మాట. తిర్గా నోరు తెరిచింది. జనంలో ఎర్ర తాళ్ళ పక్కన నిలబడ్డ బొరాస్పు వంక చూసింది. అతను ఊపిరి బిగబట్టి, చిన్నగా తలాడించాడు. మళ్ళీ ముసలామె వంక చూసింది. ఆ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి, ఎగతాళి లేకుండా.

"ఇంటికి పోయాడు" అంది తిర్గా. "నేనే గుర్రమిచ్చి పంపాను. వాడు చావలేదు పెద్దమ్మా. రెండు నెలలు నా చేతి కూడు తిన్నాడు. వాడు చచ్చాడని నా నోటికి రావట్లేదు. ఇవాళ వాడు ఏ గుడారం ముందో కూర్చుని నా జున్నులో ఉప్పెక్కువని చెప్పుకుంటూ ఉంటాడు."

బొరాస్పు తల వాల్చేశాడు. తిర్గా కళ్ళనించి నీళ్ళు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు.

గుంపంతా గొల్లుమంది. అందరికన్నా ముందు కోపమొచ్చింది దేజా అనే ముసలమ్మకి. పదిమంది మనవల అవ్వ, నలభై ఏళ్ళ కిందట ఇదే కత్తి ముందు ప్రమాణం చేసిన మనిషి.

"అంత నిజం ఎందుకే, పిచ్చిదానా! నేను చెప్పలేదా? నావాడు నేను వెళ్ళేసరికే చచ్చిపడి ఉన్నాడు. ఈగలు కూడా వాలుతున్నాయి. నడికట్టు విప్పుకుని వచ్చేశాను. నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను!"

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. దేజా పక్కనున్న ఇంకో ముసలమ్మ గొంతు సవరించుకుంది. "దేజా చెప్పింది కాబట్టి నేనూ చెప్పేస్తాను. నావాణ్ణి కొట్టింది మా అన్న. వాడికి నడికట్టుతో పనేముంది, నాకిచ్చేశాడు."

"నావాడు తాగి గుర్రం మీంచి పడ్డాడు" అంది వెనకనించి మూడో ఆవిడ. "మెడ విరిగింది. నేను చూస్తూ నిలబడ్డాను. చూడడం కూడా పనే కదా."

ఈ మూడో ఆవిడ మొగుడు నలుగురినీ తోసుకుని ముందుకొచ్చాడు. "ఒసే! ముప్ఫై ఏళ్ళుగా నిన్ను చూసి భయపడి బతికానే! నువ్వు కళ్ళెర్రజేసినప్పుడల్లా ఆ శకుడి గతి గుర్తుకొచ్చి నోరు మూసుకున్నానే!"

"మూసుకుని మంచివాడివయ్యావు. ఇప్పుడు తెరిచి చెడిపోకు" అందావిడ.

నవ్వులు గడ్డినేల దాటిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డారు. ఒకావిడ శత్రువుకి జ్వరం, ఒకావిడ శత్రువుని ఎద్దు పొడిచింది, ఒకావిడ నడికట్టయితే నది సముద్రంలో కలిసే చోటి సంతలో గ్రీకుల దగ్గర కొన్నది. సగం గుంపు అబద్ధపు చావుల మీద పుట్టిందని ఆ మధ్యాహ్నం తేలిపోయింది. మొగుళ్ళు కొందరు అలిగారు, కొందరు హమ్మయ్య అనుకున్నారు.

నవ్వనిది వర్జానా ఒక్కతే. ఆమె కత్తి పక్కన అలాగే నిలబడి ఉంది. కాసేపటికి నవ్వులు వాటంతట అవే తగ్గాయి.

"నాది అబద్ధం కాదు" అంది వర్జానా.

రెండు చేతులా కత్తి పిడి పట్టుకుంది.

"రెల్లు పొదల్లో పడి ఉన్నాడు. కడుపులో నా బాణం. నా ఈడువాడే, పదిహేడుంటాయి. నీళ్ళడిగాడు. నా జీనుకి తిత్తి వేలాడుతోంది, నిండుగా ఉంది. ఇస్తే చుట్టమైపోతాడు. చుట్టమైతే కట్టు కట్టాలి, ఇంటికి తేవాలి, నా పెళ్ళి ఆగిపోతుంది. అందుకని ఇవ్వలేదు. రెండోసారీ అడిగాడు. మూడోసారి అడగలేదు."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం కత్తి పిడిని వదల్లేదు.

"ఆ నెలలోనే బండ్లు కలిపారు. మీ నాన్న మంచివాడు, బొరాస్పూ. ఆయనకి కూడా చెప్పలేదు. నలభై ఐదేళ్ళు ఇక్కడ నిలబడి ప్రతి పిల్లనీ వాడేమయ్యాడని అడిగాను. ప్రతి పిల్లా చచ్చాడనే చెప్పింది. అయితే అందరం ఒకటేలే అనుకునేదాన్ని. మీరంతా అబద్ధాలాడారని ఇవాళేగా తెలిసింది, ముండల్లారా! నేనొక్కదాన్నే అన్నమాట."

"వదినా..." అంటూ దేజా ముందుకు రాబోయింది. వర్జానా చేత్తోనే ఆపింది. పుల్లల మీదున్న నడికట్టు తీసి తిర్గా భుజం మీద వేసింది.

"బతికే ఉన్నాడనే మాట ఈ కత్తి ముందు ఇవాళే విన్నాను. బండ్లు కలపండి."

"మరి ఆచారం?" అన్నాడు జనంలోంచి ఎవరో.

"ఆచారానికి జవాబు నేను చెప్పుకుంటాను. నాకు దేవరకి చెప్పుకోవాల్సింది ఎలాగూ ఉంది." ఆమె తిర్గా వైపు తిరిగింది. "ఏమే, నిలబడిపోయావేం? పో. వాడక్కడ గుటకలు మింగుతున్నాడు చూడు."

బొరాస్పు నిజంగానే ఎర్ర తాళ్ళు రెండు చేతులా పట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డాడు. తిర్గా అటు వెళ్ళలేదు. ముసలామె చేతులు రెండూ కత్తి మీంచి విడిపించి తన చేతుల్లోకి తీసుకుని, ఆమెని పుల్లల దిబ్బ పక్కన కూర్చోబెట్టి తానూ కూర్చుంది.

"పన్నెండేళ్ళు ఆగాడు కదత్తా, ఇంకాసేపు ఆగుతాడు" అంది.

వర్జానా నలభై ఐదేళ్ళలో మొదటిసారి అందరి ముందూ ఏడ్చింది. ఆమె ఏడుపయ్యేదాకా గుంపంతా నిలబడే ఉంది, పొయ్యిల మీద మాంసం మాడిపోతున్నా ఎవరూ కదల్లేదు.